గుర్రం మందూ, మా అవ్వ భయమూ

మొన్న ఒంగోలులో కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. వేళ్ల కణుపులు వాచిపోయి జడ కూడా అల్లుకోలేని స్థితికి వచ్చాక ఇక తప్పలేదు. ఆ పిల్లకు ముప్పై ఏళ్లుంటాయేమో, మాట నెమ్మది. మాత్రలతో లాభం లేదు, సూది మందు మొదలుపెడదాం అంది. "ఇది ప్రోటీన్ మందు మేడం. ఒంట్లో వాపును రేపే ప్రోటీన్ ఇంకొకటి ఉంటుంది. ఇది వెళ్లి దాన్ని పట్టుకుని కదలనివ్వదు" అని చేతులు తిప్పుతూ నాకే పాఠం మొదలుపెట్టింది. నేను బతుకంతా జువాలజీ చెప్పి రిటైరైనదాన్నని ఆ పిల్లకేం తెలుసు! చెప్పనిచ్చాను. పాఠం చెప్పేవాళ్లను మధ్యలో ఆపడం నాకు ఇష్టం ఉండదు. చివర్లో మామూలుగా అడిగింది: "ఇంతకు ముందు సీరమ్ లాంటిదేమైనా ఎక్కించుకున్నారా? ఏదైనా మందు పడకపోవడం లాంటిది?"

నోరు తెరిచాను. మళ్లీ మూసి, తలుపు వేసుందో లేదో చూసుకున్నాను. డెబ్భై దాటిన మనిషిని, ఎంతమంది పిల్లలకు ఇదే విషయం బోర్డు మీద బొమ్మలేసి చెప్పానో లెక్కలేదు, అయినా చెప్పడానికి జంకాను. చివరికి ముందుకు వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి చిన్నప్పటి సూది సంగతి చెప్పాను. ఆ పిల్ల నవ్వి, "అప్పట్లో గుర్రం సీరమ్ కదా మేడం. ఇప్పుడు గుర్రాలతో పనే లేదు, మన ఒంటికి మన ప్రోటీనే అనిపించేట్టు తయారుచేస్తున్నారు" అని సూది వేయించింది. ఏమీ కాలేదు, నిక్షేపంలా ఇంటికొచ్చాను. కానీ బస్సులో దారి పొడుగునా మా అవ్వే గుర్తుకొచ్చింది.

అవ్వ అంటే మా నాయన తల్లి. నేను చూసిన మనుషుల్లో అంత భయస్తురాలు ఇంకొకరు లేరు.

మాది తర్లుపాడు పక్క ఊరు. అవ్వకు మేకలుండేవి. ఎన్ని అంటే చెప్పేది కాదు. "ఉండాయిలే ఏవో" అనేది, మంద మొత్తం కళ్ల ముందు కొమ్మలు కొరుక్కుంటున్నా సరే. పామును పురుగు అనడం మా వైపు అందరికీ అలవాటే. మా అవ్వ జ్వరాన్ని కూడా జ్వరం అనేది కాదు, "ఒళ్లు కొంచెం అదిగా ఉండాది" అనేది. చావు మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. దాన్ని "అది" అనేది. "అది తిరగతా ఉండాది", "అది చూస్తా ఉంటాది". ఎవరైనా నన్ను చూసి పిల్ల కాస్త ఒళ్లు చేసింది అన్నారో, అయిపోయిందే! "ఏం ఒళ్లు? ఎముకలు తప్ప ఏముండాయి దానికి?" అని విరుచుకుపడి, సంగటి కుండ అడుగున వేలు రాసి నా బుగ్గకు ఇంత మసి పులిమేది. బడిలో నా పేరు మసిమొహం.

మధ్యాహ్నం పూట వసారాలో పడుకుంటే నా ఎదురొమ్ము మీద అరచెయ్యి వేసి కూర్చునేది. ఊపిరి ఆడుతోందా లేదా అని. నేను మరీ కదలకుండా నిద్రపోయానంటే తొడ మీద గిచ్చి లేపేది. "ఏందవ్వా!" అని ఏడిస్తే, "ఏం లేదు. ఉండావో లేవో చూసినా. పడుకో" అనేది. ఇక ఏం పడుకుంటాం?

"అంత భయమైతే ఎట్లత్తా?" అని మా అమ్మ ఒకసారి విసుక్కుంది. అవ్వ తలెత్తకుండానే చెప్పింది: "ధైర్యం చేసినోళ్ల బిడ్డలంతా వంక గట్టున ఉండారు."

మా ఊళ్లో చనిపోయిన పసిపిల్లల్ని వాగు ఒడ్డున, ఆ వంక గట్టునే పూడ్చేవాళ్లు. అవ్వ బిడ్డల్లో చాలామంది అక్కడే ఉన్నారు. మా నాయన ఒక్కడు మిగిలాడు. ఆయన పుట్టినప్పుడు అవ్వ, పెళ్లి భోజనాల ఎంగిలి విస్తళ్లలో ఆయన్ను దొర్లించి, పారేసిన బిడ్డను పక్కింటామె ఏరుకున్నట్టూ, ఆమె దగ్గర దోసెడు తవుడిచ్చి తాను కొనుక్కున్నట్టూ చేసి, పుల్లాకుల్లో, అంటే ఎంగిలాకుల్లో దొరికాడని పుల్లయ్య అని పేరు పెట్టింది. అంటే ఈ బిడ్డ నా కడుపున పుట్టినవాడు కాదు, ఎంగిలాకుల్లో దొరికినవాడు, వీడితో నీకేం పని అని "దానికి" చెప్పడమన్నమాట. నాయన బతికాడు. ఒకసారి పనిచేసిన మందును ఎవరు వదులుకుంటారు చెప్పండి? అవ్వా వదల్లేదు.

ఇక నా సంగతికి వస్తాను. నాయన పలకల గనిలో రాయి చీల్చే పని చేసేవాడు. ఒకరోజు ఆయనకు సంగటి పట్టుకుపోతూ గుట్టగా పోసిన పలక చెక్కు మీద కాలేశాను. అరికాలి నుంచి మడమ పక్కదాకా తెగింది. పలక అంచు కత్తి కన్నా మొండి, కానీ లోతుగా పోతుంది. దుమ్ములో తెగిన కాలు, ధనుర్వాతం వస్తే మనిషి దక్కదని గనిలో వాళ్లంతా అంటే, నాయన నన్ను భుజాన వేసుకుని మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. కట్టు కట్టి, ధనుర్వాతం రాకుండా ఒక సూది వేసి పంపారు. అది గుర్రం రక్తం నుంచి తీసిన మందు. ఆ మాట అప్పుడు మాకెవరికీ తెలియదు.

పుండు మానుతోంది అనుకుంటుండగా ఒంటినిండా దద్దుర్లు లేచాయి. జ్వరం. మోకాళ్లు వాచి బిగుసుకుపోయాయి, నిలబడలేకపోయాను. ఇప్పుడైతే నేను దాన్ని ఇట్టే విప్పి చెబుతాను. నా ఒళ్లు గుర్రం ప్రోటీన్‌ను పరాయిదని పసిగట్టింది, దాన్ని పట్టుకోవడానికి తన ప్రోటీన్లను తయారుచేసుకుంది, పట్టుకున్నవీ పట్టుబడ్డవీ కలిసి ముద్దలై కీళ్లలోనూ చర్మంలోనూ ఇరుక్కుని వాపు రేపాయి. కొన్నాళ్లుంటే దానంతటదే పోతుంది. పోనిది ఒక్కటే, ఆ గుర్తు. మళ్లీ గుర్రం మందు పడిందంటే ఒళ్లు మొదటిసారిలా తీరిగ్గా ఊరుకోదు, క్షణాల్లో మీద పడుతుంది. ఆ దెబ్బకు మనిషే పోవచ్చు.

అవ్వకు ఇవేమీ తెలియవు కదా. ఆమె నా వాచిన మోకాళ్లు చూసి, ఒక్క మాట అంది. "అది ఇల్లు కనుక్కొనింది."

నాకు అప్పటికి ఆరేళ్లు. ఈ తంతు పాలు తాగే పిల్లలకు చేస్తారు గానీ ఆరేళ్లదానికి ఎవరు చేస్తారు! పసివాళ్లనైతే చేటలో పెట్టి పెంట మీద వదులుతారు, నేను చేటలో పట్టలేదు. నాయన ఎత్తుకెళ్లి నన్ను పెంటకుప్ప మీద కూలేశాడు. కోళ్లు నా చుట్టూ గీరుతున్నాయి. అవ్వ వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. నన్ను నిజంగానే పారేశారనుకుని నేను గుక్కపట్టి ఏడ్చాను. ఆ భయం ఇప్పటికీ పోలేదు. కాసేపటికి పక్కింటి మరియమ్మ పెద్దమ్మ వచ్చి నన్ను ఎత్తుకుంది. ఆమె ఆదివారం తప్పకుండా ప్రార్థనకు పోయే మనిషి. "ప్రభువు ఏమీ అనుకోడులే, పాప కోసమే గదా" అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ నన్ను మా గుమ్మంలోకి తెచ్చి, "పెంట మీద దొరికింది. కొంటావా అత్తా?" అని అడిగింది. అవ్వ దోసెడు తవుడు ఆమె కొంగులో పోసి నన్ను తీసుకుంది.

అట్లా నేను పెంటమ్మనయ్యాను. ముప్పై ఏళ్లు పెంటమ్మ మేడంగానే పాఠాలు చెప్పాను. కొత్త బ్యాచి వచ్చిన ప్రతిసారీ వెనక బెంచీల్లో కిసకిసలు, నేను చాక్‌పీసు విసరడం, మామూలే.

వాపులు తగ్గాయి. అవి తగ్గేవే. కానీ అవ్వ లెక్కలో తంతు రెండోసారి కూడా పనిచేసింది. ఇక ఆ రోజు నుంచి నా పాత పేరు ఇంట్లో నిషిద్ధం. పాత పేరే కాదు, ఆ పేరుతో ఉన్న పిల్లకు జరిగినవేవీ నాకు జరగనట్టే. కాలు తెగింది ఆ పిల్లకు, సూది పడింది ఆ పిల్లకు. నా మడమ మీద మచ్చ చూసి ఎవరైనా అడిగితే "పుట్టుమచ్చ" అనేది. ఒకసారి అమ్మ పరాకున పాత పేరుతో పిలిచేసింది. అవ్వ చేతిలో ఉన్న ఇత్తడి చెంబును బండకేసి కొట్టింది, ఆ చప్పుడులో పేరు వినపడకుండా పోవాలని. చెంబు సొట్టపడింది.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్నప్పుడు గొంతు జబ్బు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మింగబోతే నొప్పి, మెడ ఉబ్బింది, ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. నాయన నోరు తెరిపించి చూసి, గొంతులో బూడిద రంగు పొర కట్టి ఉందన్నాడు. తర్లుపాడులో రైలెక్కాం, నాయన, నేను, అవ్వ. మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి జట్కా ఎక్కాం. అవ్వకు గుర్రమంటే కూడా భయమే, కళ్లు మూసుకుని నన్ను ఒళ్లో బిగించి పట్టుకుంది. ఊపిరి కోసం నేను కొట్టుకుంటున్నాను. గాలి ఉంది, లోపలికి రావడం లేదు. ఆ భయాన్ని ఇప్పుడు ఎంత చెప్పినా తక్కువే.

డాక్టరు గుంటూరు వైపు ఆయన, వయసులో చిన్నవాడు. టార్చి వేసి గొంతులోకి చూశాడు. ముఖం మారింది. "డిఫ్తీరియా" అని నాయనకు చెప్పి, మందు తెమ్మని మనిషిని పంపాడు. "మందు ఉంది, మీ అదృష్టం. కానీ ఈ జబ్బు విషం ఒంట్లో పాకుతూనే ఉంటుంది. గుండెకు పట్టుకోకముందే మందు దాన్ని పట్టుకోవాలి. పట్టుకున్నాక మందు ఎంత పోసినా లాభం లేదు."

ఆ మాటలు నేను నా క్లాసుల్లో ఎన్నిసార్లు చెప్పానో. విషమూ ప్రోటీనే, మందూ ప్రోటీనే. విషానికి ఒక కొక్కెం లాంటిది ఉంటుంది, దాంతో జీవకణాన్ని పట్టుకుని లోపలికి దూరుతుంది. మందు వెళ్లి ఆ కొక్కేన్నే కప్పేస్తుంది. ఎవరు ముందు చేరితే వాళ్లది గెలుపు.

సీసా వచ్చింది. డాక్టరు సూదిలోకి మందు తీస్తూ అడిగాడు. "ఇది గుర్రం మందమ్మా. పాపకు ఇంతకు ముందు ధనుర్వాతం సూది లాంటిదేమన్నా వేయించారా?"

నాయన నోరు తెరిచాడు. ఆయన మాట బయటికి రాకముందే అవ్వ అడ్డం వచ్చింది. "లేదు నాయనా. ఈ బిడ్డకు ఏ సూదీ పడలేదు."

నాయన అవ్వ ముఖం చూశాడు, నన్ను చూశాడు, నోరు మూసుకున్నాడు. ఎంగిలాకుల్లో దొరికి బతికిన మనిషి కదా ఆయన కూడా.

సూది వేయడానికి నా కాలు పట్టుకున్న డాక్టరుకు మడమ మీద మచ్చ కనిపించింది. "ఇదేమిటి?"

"పుట్టుమచ్చ."

ఆయన ఆగాడు. "పెద్దమ్మా, సరిగ్గా విను. మామూలుగా అయితే ఒక చుక్క వేసి, పడుతుందో లేదో చూసి, అప్పుడు వేస్తాం. అంతసేపు ఈ పిల్ల గొంతు ఆగేట్టు లేదు. అందుకే నీ మాట మీద మొత్తం ఒకేసారి ఎక్కిస్తున్నాను. ముందెప్పుడైనా గుర్రం మందు పడి ఉంటే, నేను సూది బయటికి తీసేలోపే ప్రాణం పోవచ్చు. లేదంటే లేదని చెప్పు."

అవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది. నాకు అప్పుడు అర్థం కాలేదు గానీ, ఇప్పుడు అర్థమవుతోంది. చెబితే "అది" వింటుంది, అమ్మిందీ కొన్నదీ అంతా దొంగాట అని తెలిసిపోతుంది, నన్ను తీసుకుపోతుంది. చెప్పకపోతే ఆ సూదే తీసుకుపోతుంది. ఆమెకు రెండూ నిజాలే. ఎటు పోయినా నేను వంక గట్టుకే.

డాక్టరు సూది దగ్గరికి తెచ్చాడు.

"నాయనా" అంది అవ్వ. "బిడ్డకు పేరు మారిస్తే... దాని రక్తం పాతవి మరిచిపోతాదా?"

డాక్టరు ఆ ప్రశ్నకు నవ్వి ఉంటే ఏమయ్యేదో. నవ్వలేదు. "మరిచిపోదు పెద్దమ్మా. పేరుతో దానికి పనిలేదు."

అవ్వ తన రెండు అరచేతులతో నా చెవులు గట్టిగా మూసింది. మూసి చెప్పింది. చేతుల సందుల్లోంచి నాకు వినపడుతూనే ఉంది. పలక చెక్కు, తెగిన కాలు, ఇదే ఆసుపత్రిలో సూది, దద్దుర్లు, మోకాళ్లు. అప్పుడు దాని పేరు ఫలానా అని, మూడేళ్లుగా ఎవ్వరి నోటా రానివ్వని ఆ పేరు తన నోటితోనే చెప్పింది. చెప్పిన వెంటనే గొంతు పెంచి, డాక్టరుకు కాదు, ఆ గది మొత్తానికి చెబుతున్నట్టు అరిచింది: "ఆ పేరు ఈ బిడ్డది కాదు! ఈ బిడ్డ పెంటమ్మ. ఆ పేరు నాది. నేనే ఫలానా, ఇనపడిందా? నేనే!"

డాక్టరు సూదిలో మందు మొత్తం వెనక్కి వంపేశాడు. కాస్త మందును నీళ్లలో బాగా పలచన చేసి, రవ్వంత చర్మం కింద వేసి చూశాడు. ఆ కాస్తకే చోటు ఎర్రగా దద్దురెత్తింది. డాక్టరు మందు వికటిస్తే కాపాడే విరుగుడు వేరే సూదిలో సిద్ధంగా పెట్టుకుని, రవ్వ రవ్వ పెంచుకుంటూ, ప్రతిసారీ నా నాడి పట్టుకుని చూస్తూ, ఒళ్లు మచ్చికైన కొద్దీ గుర్రం మందు ఎక్కించాడు. ఊపిరి మరీ ఆగితే గొంతుకు రంధ్రం చేయడానికి కత్తి కూడా పక్కనే ఉంది. ఒకసారి నా పెదాలు ఉబ్బాయి, కళ్లు తేలేశాను. రెండో సూదితో మళ్లీ వెనక్కి వచ్చాను. పొద్దు వాలేసరికి మందు అంతా లోపలికి పోయింది. గొంతులో పొర కొద్దికొద్దిగా ఊడిపోవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. బతికాను.

ఇంటికొచ్చాక అవ్వ ఊరందరికీ చెప్పింది, తనను ఇకమీదట నా పాత పేరుతోనే పిలవాలని. ఊళ్లో నవ్వులే నవ్వులు. మా అమ్మా నాయనా నాకు ముద్దుపడి పెట్టుకున్న కొత్తరకం సోకు పేరు అది. పళ్లూడిన ముసలామెకు ఆ పేరేంది! మేకల బేరగాళ్లు కావాలనే వీధి చివర నుంచి ఆ పేరు పెట్టి కేకేసేవాళ్లు. అవ్వ ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా, "ఆఁ, నేనే!" అని గట్టిగా పలికేది. పిలిచిన మనిషి కనపడకపోతే మాత్రం ముఖం తెల్లబోయేది, చేతిలో గంపో చెంబో జారిపోయేది. అయినా పలికేది. మరియమ్మ పెద్దమ్మ ఒక్కతే నవ్వకుండా పిలిచేది.

ఆమె భయం ఏమీ తగ్గలేదు. మేకల లెక్క చెప్పలేదు, బుగ్గన మసి మానలేదు. నేను పెద్దదాన్నయి మెడికల్లో సీటు రాక బీఎస్సీలో చేరితే, "పోనీలే, ఆ ఆసుపత్రుల్లో అది తిరగతా ఉంటాది" అని సంతోషపడింది. ఒకసారి సెలవులకొచ్చి, నేను కొత్తగా నేర్చుకున్న చదువంతా ఆమె ముందు విప్పాను. రక్తంలో ప్రోటీన్లు, అవి ఒకదాన్నొకటి ఎట్లా గుర్తుపడతాయి, ఒకసారి చూసినదాన్ని ఏళ్ల తర్వాత కూడా ఎట్లా మరిచిపోవు. అంతా విని, "అంటే అది గూడా మరిచిపోదన్నమాట" అంది, మెల్లగా. నేను ఎందుకు చెప్పానా అనిపించింది.

నేను చదువు ముగించే ఏడాది అవ్వ మంచాన పడింది. కబురు అందగానే వచ్చాను. మిట్టమధ్యాహ్నం. అవ్వ వసారాలో నులకమంచం మీద ఉంది. ఊపిరి పైపైనే. నన్ను చూడగానే కళ్లలో అదే భయం, పెంటకుప్ప నాటి భయం, ఆసుపత్రి నాటి భయం. నా చెయ్యి దొరకబుచ్చుకుంది.

"పిలవండి రా" అంది.

మాకు అర్థం కాలేదు. అమ్మ నీళ్లు తెచ్చింది. వద్దని తల తిప్పింది. "నా పేరు పెట్టి పిలవండి. అది వచ్చింది. ఎవరని అడగతా ఉండాది."

ఇంట్లో మేమెవరం ఆమెను ఆ పేరుతో పిలవలేదు. నాయనకు అమ్మ, మా అమ్మకు అత్త, నాకు అవ్వ. నాయన మంచం పట్టె పట్టుకుని నోరు తెరిచాడు. రాలేదు. కూతురి పేరు, పోయే తల్లికి. మళ్లీ ప్రయత్నించాడు, "అమ్మా" అనే వచ్చింది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పిలవరేందిరా" అని అవ్వ ఏడ్చింది. "మీరు పిలవకపోతే అది పిల్ల దగ్గరికి పోతాది."

ఇంత రాశాను గదా, ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను. ఏం చేసుకుంటారో చేసుకోండి. సైన్సు చదివిన పిల్లను ఆ రోజు నేను, ఏ దయ్యమూ గుమ్మంలో నిలబడి లేదని తెలుసు. అయినా గుమ్మం వైపు చూశాను. పిలిస్తే అవ్వ వెళ్లిపోతుందని ఒక భయం. పిలవకపోతే, ఇన్నేళ్లు నా కోసం మోసినదాన్ని ఆమె చివర్లో జారవిడిచానని ఏడుస్తూ పోతుందని అంతకన్నా పెద్ద భయం.

నేనే పిలిచాను. నా పేరుతో, గట్టిగా, ఇల్లంతా వినపడేట్టు.

అవ్వ నా చెయ్యి వదిలేసి, గజగజ వణుకుతూనే తల కొంచెం పైకెత్తింది.

"ఆఁ, నేనే" అంది. "వస్తాండా."